కిడ్నీ మార్పిడి గోలీలతోని క్యాన్సర్ వస్తదా? మా తమ్ముడు గోలీలు సగం చేస్తనంటుండు, జర చెప్పుర్రి

హాలియా అక్క:

అందరికి నమస్తే. మాది నల్గొండ జిల్లా, హాలియా దగ్గర ఊరు. మా తమ్మునికి నాలుగేండ్ల కింద హైదరాబాద్‌ల కిడ్నీ మార్పిడి అయింది, మా అమ్మనే ఇచ్చింది. అప్పటిసంది టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ ఈ మూడు గోలీలు నడుస్తున్నయి, క్రియాటినిన్ (కిడ్నీ ఎట్ల పని చేస్తుందో చెప్పే రక్తం పరీక్ష, పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు) 1.3 కాడికే ఉంటుంది, మళ్ల బత్తాయి తోట పని సూసుకుంటుండు, పెండ్లాం పిల్లలు, అంత మంచిగనే ఉన్నదనుకున్నం.

పోయిన చెకప్‌ల ఓపీ కాడ ఎప్పుడు కలిసే ఒక పెద్దమనిషి కనవడలే. అడిగితే ఆయనకు గడ్డల క్యాన్సర్ అంట, లింఫోమా, ఈ గోలీల వల్లనే వచ్చిందని డాక్టర్లు చెప్పిర్రంట. ఇగ అప్పటిసంది మావోనికి నిద్ర లేదు. రాత్రంత ఫోన్‌ల సదువుడే, ఇమ్యూనిటీ తగ్గిచ్చే మందులు ఏసుకునేటోళ్లకు వైరస్‌ల తోని వచ్చే క్యాన్సర్లు ఎక్కువ అని ఎక్కడో సదివిండు. ఇప్పుడేమంటుండంటే అక్కా నాలుగేండ్లాయె, అమ్మ కిడ్నీ నా ఒంటికి అలవాటయింది, పొద్దుగాలవి బంద్ చేసి రాత్రివి ఒక్కటే ఏసుకుంట అంటుండు. డాక్టర్‌ను అడుగుదాం రా అంటే వాళ్లు గోలీలు ఏసుకోమనే అంటరు తియ్ అంటుండు. మా అమ్మదేమో ఇంకో బాధ, నా కిడ్నీల నుంచే వైరస్ వోయిందా బిడ్డా అని ఏడుస్తది.

నిజంగ ఈ గోలీలకు క్యాన్సర్‌కు సంబంధం ఉన్నదా? ఏ వైరస్ అది, పిల్లలకు అంటుకుంటదా, తిన్న పల్లెం వేరే పెట్టాల్నా? ముందుగాలనే కనుక్కునే పరీక్ష ఏమన్న ఉంటదా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుర్రి, ఇద్దరికీ సదివి వినిపిస్త.

పాలమూరు పోరడు:

అక్కా, నువ్వు సదివి వినిపిచ్చుడు కాదు, ఫోన్ ఆయన చేతికే ఇయ్యి.

తమ్మీ, నాది జడ్చర్ల. నాకు మార్పిడి 2017ల అయింది, ఇంట్ల ఎవ్వరిది కలవలే, జీవన్‌దాన్‌ల, అదే చనిపోయినోళ్ల అవయవాలు ఇప్పిచ్చే సర్కారు పథకంల, పేరు రాపిచ్చుకుని డయాలసిస్ మీద ఉండుకుంట ఉండుకుంట దొరికింది. నువ్వు ఏసుకునే మూడు గోలీలే నేను ఏసుకుంట. కిడ్నీ అలవాటయితది అనే మాట నేను గూడ మస్తుసార్లు విన్న, చుట్టాలల్ల ప్రతి ఒక్కడు చెప్తడు. అట్ల అయ్యేది లేదు. నీ ఒంటికి అది ఇరవై ఏండ్లకు గూడ బయటి కిడ్నీనే, గోలీలు ఉన్నయి కాబట్టి ఊకుంటున్నది. నాతోని డయాలసిస్‌ల పక్క బెడ్ మీద ఉన్నోడు, దోస్తు లెక్క అయిండు, పైసలు లేక కాదు ఏం కాదు, మంచిగున్న గద అని తనంతట తనే తగ్గిచ్చుకున్నడు. నొప్పి లేదు, మూత్రం మంచిగనే వస్తుంది, ఏం తెల్వలే. తెలిసేసరికి క్రియాటినిన్ 6 దాటింది, బయాప్సీ చేసిర్రు, ఇంజెక్షన్లు ఇచ్చిర్రు, లాభం కాలే. ఇప్పుడు మళ్ల వారానికి మూడు రోజులు డయాలసిస్. ఇచ్చింది వాళ్ల అవ్వ. ఆమె ముఖం చూడబుద్ధి కాదు అంటడు.

క్యాన్సర్ భయం నాకు లేదా, ఉన్నది. కని దానికి మందు ఇది కాదు. నువ్వు చేయాల్సిన ఒక్క పని టాక్రో లెవల్‌కు, అంటే రక్తంల టాక్రోలిమస్ ఎంత ఉన్నదో చూసే పరీక్షకు, రక్తం సక్కగ ఇచ్చుడు. మనోళ్లల్ల సగం మంది పొద్దుగాల ఐదింటికి బస్సు ఎక్కేటప్పుడు అలవాటు కొద్ది గోలి మింగి పోతరు, ఆడ రక్తం ఇస్తరు. అది లెవల్ కాదు. రాత్రి గోలికి రక్తం ఇచ్చేదానికి నడుమ 12 గంటలు ఉండాలె, రక్తం ఇచ్చినంకనే పొద్దటి గోలి. డబ్బా జేబుల పెట్టుకుని పోవాలె. గోలి మింగి ఇస్తే లెవల్ ఎక్కువ కనవడ్తది, డాక్టర్ తగ్గిస్తడు, నిజంగనేమో తక్కువ ఉంటది. లేకపోతే ఉల్టా, లెవల్ ఎక్కువనే ఉండి సంవత్సరాలు గడుస్తయి, మందు ఎక్కువైతేనే గద ఈ గడ్డలు గిడ్డలు అనేది. వైరస్ సంగతి నాకంత తెల్వది, తెలిసినోళ్లు చెప్తరు.

ట్రాన్స్‌ప్లాంట్ సిస్టర్:

హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో చాలా ఏండ్లు చేసిన, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్న. పొడుగు అయితది, ఓపిక పట్టి చదవండి.

ముందు అమ్మ సంగతి, ఎందుకంటే ఆమె ఊరికే ఏడుస్తున్నది. ఆ పెద్దమనిషికి వచ్చింది బహుశా పీటీఎల్‌డీ అంటరు, మార్పిడి తర్వాత వచ్చే లింఫోమా. అందులో ఎక్కువ వాటికి కారణం ఎప్‌స్టీన్ బార్ వైరస్, ఈబీవీ. 1964లో కనుక్కున్నరు, మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌లలో మొదట దొరికింది ఇదే. ఉమ్మి ద్వారా వస్తది. మన దగ్గర పిల్లలకు చిన్నతనంలోనే వచ్చేస్తది, ఏదో జ్వరం వచ్చి తగ్గింది అనుకుంటం, పేరు కూడా తెల్వదు. కానీ అది ఒంట్లోకెళ్లి పోదు, రక్తంలో బీ కణాలు అనేవి ఉంటయి, వాటిల్లో దాక్కొని బతికినంత కాలం ఉంటది. నాకుంది, మీకుంది, ఇది చదివే వాళ్లలో దాదాపు అందరికీ ఉంది. టీ కణాలు ఎప్పటికప్పుడు దాన్ని అణిచి పెడ్తయి. టాక్రోలిమస్ పని ఆ టీ కణాలను జోకొట్టుడే, లేకపోతే అవి కిడ్నీ మీద పడ్తయి. చేనుకు కావలి ఉన్నోడు కన్ను మూస్తే పందులు పడ్డట్టు, టీ కణాలు మరీ ఎక్కువ పడుకుంటే ఈబీవీ ఉన్న బీ కణాలు అడ్డు లేకుండ పెరుగుతయి. అదే గడ్డ.

అసలు ప్రమాదం ఎవరికంటే, అప్పటిదాకా ఈబీవీ రాని మనిషికి, వైరస్ ఉన్న దాత అవయవం పెట్టినప్పుడు. అది ఎక్కువ చిన్న పిల్లల్లో జరుగుతది. మీ తమ్ముడు పెద్దోడు, అమ్మ కిడ్నీ ఇవ్వక ముందే ఆయనకు ఈబీవీ ఉండే ఉంటది. మార్పిడికి ముందు చేసిన పరీక్షల ఫైల్ తీయండి, ఈబీవీ ఐజీజీ అని ఉంటది, ఆ వైరస్ ఇంతకుముందే వచ్చిందా లేదా చెప్పే పరీక్ష అది, పాజిటివ్ అని ఉంటే అమ్మకు చూపించండి. ఈ విషయంలో పాజిటివ్ ఉండుడే మంచిది. పెద్దోళ్లల్లో కిడ్నీ మార్పిడి తర్వాత ఈ జబ్బు నూటికి ఒకరిద్దరికి వస్తది, ఊపిరితిత్తులు, పేగులు మార్చినోళ్లకు ఇంకా ఎక్కువ. మొదటి సంవత్సరంలో ఎక్కువ, తర్వాత తగ్గుతది, మళ్ల ఏండ్లు గడిచినంక కూడా కొందరిలో కనిపిస్తది. క్యాన్సర్ మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. పల్లెం వేరే పెట్టుడు, పిల్లలను దగ్గరికి రానియ్యకపోవుడు అసలే వద్దు.

ఇంకా కొన్ని వైరస్‌లు ఉన్నయి. హెపటైటిస్ బి, సి, ఇవి లివర్ క్యాన్సర్‌కు దారి తీస్తయి. డయాలసిస్ చేసుకున్నోళ్లకు సి వైరస్ భయం ఎక్కువ, కానీ ఇప్పుడు దానికి గోలీలు ఉన్నయి, సోఫోస్‌బువిర్ కలిపి ఎక్కువమందికి 12 వారాలల్ల పూర్తిగా పోతది. హెపటైటిస్ బి అట్ల కాదు, అణగారి ఉండి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు మొదలుపెడ్తే మళ్ల లేవొచ్చు. హెచ్‌పీవీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్, దీని గురించి ఆడవాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది, ఎవరన్నా చెప్తే బాగుంటది. హెచ్‌హెచ్‌వీ-8 అని ఒకటి, కపోసి సార్కోమా, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు వస్తయి, మన దేశంలో అరుదు. మెర్కెల్ సెల్ పాలియోమా వైరస్ అని ఇంకోటి, మెర్కెల్ సెల్ అనే చర్మ క్యాన్సర్ తెస్తది, అదింకా అరుదు.

ఒక సంగతి గమనించండి. ఈ మందులు వాడేవాళ్లలో రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ పెద్దగా పెరగవు. పెరిగేవి ఎక్కువగా వైరస్‌తో సంబంధం ఉన్నవే, చర్మానివి కూడా. అంటే ఎక్కడ చూడాల్నో మనకు ముందే తెలుసు. మొత్తం మీద మార్పిడి అయినోళ్లకు క్యాన్సర్ ప్రమాదం మామూలు మనుషుల కంటే రెండింతలు, కొన్ని లెక్కల్లో ఇంకొంచెం ఎక్కువ. నేను దాన్ని తక్కువ చేసి చెప్తలేను. ఇమ్యూనిటీ తగ్గించే మందులే అయిన సైక్లోస్పోరిన్, అజతయోప్రిన్ రెండూ డబ్ల్యూహెచ్‌వో వాళ్ల క్యాన్సర్ సంస్థ జాబితాలో క్యాన్సర్ కారకాల మొదటి వరుసలోనే ఉన్నయి.

మరి తగ్గించుకుంటే మంచిదే గద అంటడు మీ తమ్ముడు. ఇక్కడే అందరు తప్పు లెక్క వేస్తరు. సొంతంగా తగ్గిస్తే ఏమైతది, రిజెక్షన్ వస్తది, అంటే ఒళ్లు కొత్త కిడ్నీ మీద పడి దాన్ని దెబ్బతీస్తది. రిజెక్షన్‌కు వైద్యం ఏంది? మూడు రోజులు రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున, ఒక్కోసారి 1000, మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తరు, దానికి లొంగకపోతే ఏటీజీ అనే ఇంజెక్షన్ ఇస్తరు, అది టీ కణాలను జోకొట్టుడు కాదు, చంపేస్తది. పీటీఎల్‌డీ వచ్చే ప్రమాదం పెంచే వాటిలో ఈ ఏటీజీ పేరు ముందు వరుసలో ఉంటది. అంటే ఆయన ఏ క్యాన్సర్‌కు భయపడి గోలీలు మానేస్తనంటున్నడో దాని దిక్కే పోతున్నడు. కిడ్నీ పోతే మళ్ల డయాలసిస్, మళ్ల మార్పిడి అంటే మళ్ల మొదట్నుంచి పెద్ద డోసులు.

తగ్గించే పద్ధతి వేరే ఉంది. ఏండ్లు గడిచిన కొద్ది లెవల్ చూసుకుంట డాక్టరే తగ్గిస్తడు, మొదటి నెలల్లో ఉన్న టాక్రో లెవల్ ఇప్పుడు ఉంచరు. అవసరమైతే మందు మారుస్తరు. సిరోలిమస్, ఎవరోలిమస్ అనే గుంపు ఉంది, కపోసి వచ్చినోళ్లలో టాక్రో తీసేసి ఇవి పెడ్తే మచ్చలు తగ్గినయి, కిడ్నీ కూడా నిలబడ్డది. అందరికీ సరిపడవు అవి, నోట్లో పుండ్లు, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రోటీన్, వాటి గొడవ వాటికి ఉంది. అందుకే నాకు తగ్గించొచ్చా అని డాక్టర్‌ను సూటిగ అడగమనండి. అడిగితే ఎవరూ ఏమీ అనరు.

ప్రకృతి వైద్యం:

ఇన్ని ఇంగ్లీష్ మందులు ఏసుకుంటే ఇమ్యూనిటీ ఏడికెళ్లి ఉంటది. పొద్దుగాల పరగడుపున తిప్పతీగ కషాయం, రాత్రి పసుపు పాలు, 3 నెలలు తాగమను, ఏ వైరస్ దగ్గరికి రాదు. మా దగ్గర చానమందికి తగ్గింది.

పాలమూరు పోరడు:

అన్నా నీకు దండం పెడ్త. కిడ్నీ మార్పిడి అయినోనికి ఇమ్యూనిటీ పెంచుతనంటున్నవ్ నువ్వు. మేము లక్షలు పెట్టి తగ్గిచ్చుకుంటున్నదే దాన్ని. అది పెరిగితే ముందుగాల తినేది కిడ్నీనే.

ట్రాన్స్‌ప్లాంట్ సిస్టర్:

తిప్పతీగ తోని లివర్ దెబ్బతిన్న కేసులు కరోనా టైంలో ముంబై డాక్టర్లు రాసిర్రు, ఇమ్యూనిటీని రెచ్చగొట్టి లివర్ మీదికే ఉసిగొల్పినట్టు అయింది. మార్పిడి అయినోళ్లు తిప్పతీగ, అశ్వగంధ, ఇట్లాంటి ఇమ్యూనిటీ డబ్బాలు ఏవీ ముట్టొద్దు. కూరలో వేసుకునే పసుపుకు ఏం కాదు.

సూర్యాపేట చిన్నోడు:

హాలియా అక్కా, మా నాయినకు ఆ పీటీఎల్‌డీనే వచ్చింది కాబట్టి చెప్తున్న. 2019ల మార్పిడి. మూడేండ్లకు మెడ కింద ఎడమ దిక్కు గడ్డ లేసింది, చింతగింజంత, నొప్పి లేదు. సాయంత్రం కొద్దిగ జ్వరం, రాత్రి బనీను తడిసి ముద్దయ్యేది, బరువు తగ్గుతుండె. దగ్గర్ల టౌన్‌ల ఒక ప్రైవేటు దవాఖానకు తీస్కపోయినం, పేరెందుకు గని, సూదితోని గుచ్చి చూసిర్రు, రిపోర్టుల ఏది తేలలే, టీబీ అయ్యుంటదని టీబీ గోలీలు రాసిర్రు. నేను వాళ్లను పూర్తిగ తప్పు పట్టను, మార్పిడి అయినోళ్లకు టీబీ గూడ మస్తుగ వస్తది, మెడ గడ్డ అంటే మన దిక్కు ముందు టీబీనే గుర్తుకొస్తది. కని ముక్క తీసి చూడకుండ గోలీలు మొదలుపెట్టుడు ఏంది? కిడ్నీ మార్చిన డాక్టర్‌కు ఒక ఫోన్ చెయ్యకుండ?

దాంట్ల రిఫాంపిసిన్ ఉంటది. అది ఏం చేస్తదంటే లివర్‌ను ఉరికిచ్చి టాక్రోలిమస్‌ను ఏసుకున్నది ఏసుకున్నట్టే కరగదీస్తది. నాయిన గోలీలు టైంకు ఏసుకుంటనే ఉన్నడు, లెవల్ చూస్తే పాతాళంల ఉన్నది, క్రియాటినిన్ లేస్తుంది. గడ్డ తగ్గకపోగా సంకల ఇంకోటి వచ్చింది. అప్పుడు ఉరికినం హైదరాబాద్. ఆడ సూది గీది కాదు, గడ్డ మొత్తం కోసి తీసిర్రు. లింఫోమాకు సూదితోని తీసిన నాలుగు కణాలు సాలవంట, గడ్డ రూపం మొత్తం కనవడాలంట. ముక్క మీద ఈబీవీ పరీక్ష గూడ చేసిర్రు, పాజిటివ్. తర్వాత పెట్ స్కాన్.

వైద్యం మొదలుపెట్టింది గోలీలు తగ్గిచ్చుడు తోనే, ఇది మీ తమ్ముడు వినాలె. మైకోఫెనొలేట్ పూర్తిగ ఆపిర్రు, టాక్రో సగం కంటే తక్కువ చేసిర్రు, కని ఎట్ల, వారం వారం క్రియాటినిన్, లెవల్ చూసుకుంట, దవాఖానల ఉంచుకుని. కొందరికి గంతతోనే గడ్డ కరిగిపోతదంట. మా నాయినకు సగం తగ్గి ఆగింది, అప్పుడు రిటుక్సిమాబ్, సిస్టర్ చెప్పిన బీ కణాలను చంపే మందు, ఎక్కిచ్చిర్రు, వారానికి ఒకటి, నాలుగు. అది ఎక్కియ్యకముందు హెపటైటిస్ బి రెండు పరీక్షలు చేసిర్రు, ఎందుకంటే అణిగి ఉన్న బి వైరస్ ఈ మందుకు ఒక్కసారే లేసి లివర్‌ను ముంచుతదంట. కీమో దాకా పోలే మాకు. ఇప్పుడు మా నాయిన మంచిగున్నడు, కిడ్నీ గూడ ఉన్నది, క్రియాటినిన్ 1.8 కాడ ఆగింది. పొద్దుగాల లేసి టీ కొట్టుకాడికి పోయి పేపర్ సదివి అందరితోని రాజకీయం కొట్లాడ్తడు.

డబ్బుల సంగతి, ఆరోగ్యశ్రీ కొంత పని చేసింది, పెట్ స్కాన్‌కు మేము పెట్టుకున్నం. పైసలు లేనోళ్లు హైదరాబాద్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన కాడికి పోవచ్చు, సర్కారుది, రెడ్‌హిల్స్‌ల. ఏడికి పోయిన గూడ కిడ్నీ డాక్టర్, క్యాన్సర్ డాక్టర్ ఇద్దరు మాట్లాడుకునేటట్టు చూసుకోవాలె, ఒక్కరి చీటీ ఇంకొకరికి చూపించాలె, అది మన పనే.

లూపస్ అక్క:

సిస్టర్ హెచ్‌పీవీ గురించి ఎవరన్నా చెప్పమన్నది కాబట్టి రాస్తున్న, మామూలుగా ఇవి ఎవరితో చెప్పుకోను. మాది నాగర్‌కర్నూల్. నాకు మార్పిడి కాలేదు, లూపస్, అంటే ఒంట్లోని ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బు, కిడ్నీలకు పాకింది. ముందు సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించారు, ఆ తర్వాత మైకోఫెనొలేట్, స్టెరాయిడ్. మార్పిడి అయినవాళ్లే కాదు, లూపస్, కీళ్లవాతం, సోరియాసిస్, పేగుల జబ్బు, వీటికి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లం చాలామంది ఉన్నం, మాకు ఇదంతా ఎవరూ చెప్పరు. నా డాక్టర్ మాత్రం ఒకరోజు పాప్ టెస్ట్ చేయించుకున్నవా అని అడిగింది. నాకు అదేందో కూడా తెల్వదు.

చేయించుకోవడానికి పోతే అదో కథ. కౌంటర్ దగ్గర అందరి ముందట పెండ్లయిందా, ఎందుకు ఈ టెస్ట్, తెల్లబట్ట అయితుందా అని గట్టిగ అడుగుతరు. టెస్ట్ మాత్రం ఐదు నిమిషాలు కూడా పట్టదు, గర్భాశయ ముఖద్వారం మీద చిన్న బ్రష్‌తో అట్ల తుడిచి తీస్తరు. రిపోర్టులో తేడా ఉంది అన్నరు, హెచ్‌పీవీ పాజిటివ్, కాల్పోస్కోపీ, అంటే ఆ ముఖద్వారాన్ని పెద్దగ చూపించే పరికరంతో చూసుడు, చేసి ముక్క తీస్తే సిన్-2 అని వచ్చింది. క్యాన్సర్ కాదు, దానికి ముందు మెట్టు. లీప్ అని చిన్న ప్రొసీజర్, మత్తు సూది అక్కడికే ఇచ్చి ఆ భాగం వరకు తీసేసిర్రు, అదే రోజు ఇంటికొచ్చిన. నాకు ఒక్క లక్షణం లేదు తెలుసా. అడగకపోయి ఉంటే ఎప్పటికి తెలిసేదో.

ఇంట్లో మా అత్తమ్మ అనుమానం, ఈ వైరస్ ఎట్ల వస్తది, ఎవరి నుంచి వచ్చింది అని. డాక్టరమ్మ నా భర్తను కూర్చోబెట్టి చెప్పింది, పెండ్లయిన వాళ్లలో చాలా మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తది, ఎప్పుడు వచ్చిందో ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, మామూలు ఆడవాళ్లకు ఒకటి రెండేండ్లల్ల దానంతట అదే పోతది, ఈ మందులు వాడేవాళ్లకు పోకుండ తిష్ట వేస్తది, అంతే తేడా అని. మామూలుగా ఇన్ఫెక్షన్ నుంచి క్యాన్సర్ కావడానికి పది ఇరవై ఏండ్లు పడ్తది, మన లాంటి వాళ్లకు ఆ టైం తగ్గుతది, అందుకే మనకు పరీక్షలు తొందరగ మొదలుపెట్టి దగ్గర దగ్గర చేయాలె. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు డబ్ల్యూహెచ్‌వో 25 ఏండ్ల నుంచే మొదలుపెట్టమంటది, మిగతావాళ్లకు 30 నుంచి.

టీకా కూడా వేసుకున్న. ఇప్పుడు మన పుణె సీరం వాళ్లది సెర్వావాక్ దొరుకుతుంది, 6, 11, 16, 18 రకాలకు పని చేస్తది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతం దాకా ఆ 16, 18 వల్లనే. మామూలు పిల్లలకు ఒక డోసో రెండు డోసులో చాలంటున్నరు, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నోళ్లకు మూడు వేయాలె, మొదటిది, ఒకటి రెండు నెలలకు, ఆరు నెలలకు. ఇది బతికున్న వైరస్ టీకా కాదు కాబట్టి ఈ మందుల మీద ఉన్నా వేసుకోవచ్చు. తట్టు టీకా, ఆటలమ్మ టీకా మాత్రం అట్ల కాదు, అవి బతికున్నవి, మనం వేసుకోవద్దు. వచ్చేసిన వైరస్‌ను టీకా పోగొట్టదు, రాని రకాలను ఆపుతది, కాబట్టి మందులు మొదలుపెట్టకముందే వేస్తే ఇంకా మంచిది. మీ ఇంట్లో చిన్న వయసు ఆడపిల్ల ఎవరన్నా లూపస్ తోని, కిడ్నీ జబ్బు తోని ఉంటే డాక్టర్‌ను ఇప్పుడే అడగండి.

మగవాళ్లకు కూడా హెచ్‌పీవీ తోని గొంతుకు, మలద్వారానికి, పురుషాంగానికి క్యాన్సర్ రావొచ్చు, హాలియా అక్కా మీ తమ్మునికి సిగ్గయినా సరే ఆ దగ్గర మొటిమలు, మానని పుండు ఉంటే దాచుకోవద్దని చెప్పు.

మునుగోడు మాస్టర్:

నేనొక మాట కలుపుత. మా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ తోని ఎముకల నొప్పులు ఎట్లుంటయో నల్గొండోళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీలు ఇచ్చే చిన్న తెల్ల గోలీలల్ల చాన వరకు స్టెరాయిడే. ఏండ్ల తరబడి మింగుతరు, ముఖం ఉబ్బుతది, నొప్పి తగ్గింది గద అంటరు. వీళ్లు గూడ ఇమ్యూనిటీ తగ్గిచ్చే మందుల మీద ఉన్నట్టే గద, వాళ్లకే తెల్వకుండ. ఒంట్ల హెపటైటిస్ బి ఉన్నోనికి ఈ గోలీలు పడ్తే ఏం కావాలె? సిస్టర్ గారు చెప్పాలె.

ట్రాన్స్‌ప్లాంట్ సిస్టర్:

మాస్టర్ గారు చెప్పింది నిజం. రోజుకు 20 మిల్లీగ్రాములో అంతకెక్కువో ప్రెడ్నిసొలోన్ నెల దాటి మింగితే బి వైరస్ లేవొచ్చు. అది పదే పదే లేచి లివర్‌ను కాలుస్తుంటే చివరికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడి చెడిపోవుడు), క్యాన్సర్ రావొచ్చు. హెపటైటిస్ బి ఉందా లేదా చూసే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చిన్న ల్యాబులో కూడా చేస్తరు. పాజిటివ్ ఉంటే ఎంటెకావిర్, టెనోఫోవిర్ గోలీలు ఉన్నయి. లేనోళ్లకు టీకా ఉంది. డయాలసిస్ వాళ్లకు మామూలుకు రెండింతల డోసు, 40 మైక్రోగ్రాములు, నాలుగుసార్లు ఇస్తరు, ఎందుకంటే వాళ్ల ఒళ్లు టీకాకు సరిగ్గ పలకదు.

హాలియా అక్క:

అందరికి మస్తు థ్యాంక్స్. తమ్ముడు మొత్తం సదివిండు. సూర్యాపేట అన్న రాసింది రెండుసార్లు సదివిండు, ఏం మాట్లాడలే, రాత్రి టైంకు గోలీలు ఏసుకున్నడు, పొద్దుగాల గూడ ఏసుకున్నడు. ఫైల్ తీసినం, ఈబీవీ ఐజీజీ పాజిటివ్ అని మార్పిడి ముందటి కాగితంల ఉన్నది, అమ్మకు చూపిస్తే ఆమె నాకు అర్థం కాదు బిడ్డా నువ్వు చెప్పేది నిజమేనా అని మళ్ల మళ్ల అడిగింది. హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్, సి గూడ నెగెటివ్. హెపటైటిస్ బి టీకా డయాలసిస్ అప్పుడు ఏసిర్రు కని మూడు ఏసిర్రో నాలుగు ఏసిర్రో యాదికి లేదు. వచ్చే చెకప్‌కు ఏం అడగాలె? తోటల ఎండకు పని చేస్తడు, దాంతోని ఏమన్న అయితదా? ఇంకోటి, ఇంట్ల బత్తాయిలు మస్తుగ ఉంటయి, ఎవరో తినొద్దన్నరు, నిజమా?

ట్రాన్స్‌ప్లాంట్ సిస్టర్:

యాంటీ హెచ్‌బీసీ (బి వైరస్ ఎప్పుడన్నా వచ్చిపోయిందా చూసేది), యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (బి వైరస్ నుంచి రక్షణ ఎంత ఉందో చూసేది) రెండూ రాయమని అడగండి. టైటర్ 10 కంటే తక్కువుంటే టీకా మళ్ల ఇస్తరు. టాక్రో లెవల్ ఎంత ఉందో, ఎంత ఉండాల్నో డాక్టర్ నోటితోనే చెప్పించుకోండి. ఇంట్లో మీరు చేసేది, స్నానం చేసేటప్పుడు మెడ, సంక, గజ్జల దగ్గర తడిమి చూసుకోమనండి. కారణం లేని జ్వరం, చెమటలు, బరువు తగ్గుడు, ఒక దిక్కే వాచిన టాన్సిల్, నల్ల విరేచనం, ఏమీ లేకుండ పెరిగిన క్రియాటినిన్, వీటిలో ఏది వచ్చినా ఊర్లో సూది వేయించుకుని కూర్చోవద్దు. కొత్త మందు ఎవరు రాసినా, టీబీది కానీ ఫంగస్‌ది కానీ ఫిట్స్‌ది కానీ, వేసుకునే ముందు కిడ్నీ డాక్టర్‌కు ఫోన్.

ఎండకు తెల్లోళ్లంత భయం మన చర్మానికి లేదు, అయినా నిండు చేతుల అంగీ, తలకు తువ్వాల. పెదవి మీద, చెవి మీద మానని పుండు ఉంటే చూపించాలె. గుట్కా, బీడీ ఉంటే అది ముందు మానాలె. మీ మరదలు కూడా 30 దాటితే అందరు ఆడవాళ్లలాగే ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది, దీనికి మీ తమ్ముని గోలీలతో సంబంధం లేదు.

పాలమూరు పోరడు:

బత్తాయి తినొచ్చు అక్కా, నేను తింట. షుగర్, పొటాషియం ఎక్కువ లేకుంటే సాలు. తినొద్దన్నది పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్. అవి టాక్రో లెవల్‌ను పైకి గుంజుతయి, రసం గూడ వద్దు. తమ్మీ, లెవల్ టెస్ట్‌కు పోయే రోజు ముందు రాత్రి గోలి ఎన్నింటికి ఏసుకున్నవో చీటీ మీద రాసుకుని పో, ల్యాబోళ్లు అడుగుతరు.